ముందుకి జరగండి బావూ

టేసను పలక మీద ఇంకా చికాకోల్ రోడ్డే.
దేశం మనదై మూడేళ్లైనా
ఆ పేరు చెరపడానికి సున్నం రానేదు.
ఆ రాత్రి మెయిలు నాలుగ్గంటలు లేటు.
శ్రావణం వాన. లాంతర్లో నూనె అడుగంటీసింది.
మిగిలిన జట్కా నాదొక్కటే.

ముందు దిగింది ప్లీడరు కూర్మనాథంగారు.
చంకలో కాగితాల కట్ట, కట్ట మీద గొడుగు,
ఆయనొక్కడే తడుస్తన్నాడు.
వెనక డబ్బాలోంచి కింతలి జగ్గునాయుడుగారు,
గొడుగూ లేదు, కాగితమూ లేదు,
గొంతొక్కటే సామాను.

ఇద్దరూ తెల్లోడి జైల్లో
ఒకే కంబళి కింద పద్నాలుగు నెల్లు పడుకున్నోళ్లే.
జెండా ఎగిరిన్నాడు
ఒకే మిఠాయి పొట్లంలో చెయ్యి పెట్టినోళ్లే.
తర్వాతేటైందో.
ముందు ఆసుపత్రి అని ఈయన,
ముందు కాలవ అని ఆయన,
ఒకే బల్లకి రెండు కొసల్లో కూకున్నారు కొన్నాళ్లు,
ఆనక బల్లే రెండైపోనాది.
బజార్లో ఒకాయన ఎదురొస్తే
రెండో ఆయనకి సరిగ్గా అప్పుడే చెప్పు తెగీది.

"ఒకటే బండి బావూ, ఎక్కండి" అన్నాను.
ఎక్కినారు. మాట నేదు.
ఇద్దరూ వెనక్కే, చెరో కమ్మీకి ఆనుకుని,
మధ్యలో ఇంకో మనిషి పట్టీంత జాగా.
పోలుగర్రలు పైకి లేచిపోనాయి.
నెమిలి ముందుకాళ్లు నేలందక
గాల్లో ఈత కొడతన్నాయి.

"ముందుకి జరగండి బావూ."
ప్లీడరుగారు జానెడు జరిగినారు.
నాయుడుగారు బెత్తెడు.
"ఇంకా."
మోకాలికి మోకాలు తగిలినాది.
అప్పుడు దిగింది గుర్రం.

నాకు అచ్చరం ముక్క రాదు.
నెమిలికి రాజ్యాంగం తెల్దు.
దానికి తెలిసిందల్లా
బరువు ఎక్కడ కూకుందో.

చింతాడ దాటీసరికి గొయ్యి.
చక్రం ఇరుసు దాకా కూరుకుపోనాది.
పంచెలు ఎగ్గట్టి ఇద్దరూ దిగినారు.
"కూర్మం, నువ్వు ఎడమ పక్క పట్టు."
"ఎడమ పక్క నీదే కదటయ్యా, నువ్వే పట్టు."
చీకట్లో నవ్విందెవరో
నాకిప్పటికీ తెల్దు.

కాగితాలు తడుస్తాయని
నాయుడుగారు తన పైగుడ్డ తీసి చుట్టినారు.
అందులో ఉన్నది ఆసుపత్రి నక్షా.
ఆయనకది తెలుసు.
తెలిసీ, ముడి గట్టిగా వేసినారు.

అక్కడ్నుంచి ఊరిదాకా దెబ్బలాటే.
కాలవా, పన్నులూ, ఢిల్లీ, మద్రాసూ,
జైల్లో నల్లులు ఎవరి పక్కనుంచి పాకీవో
అదీ తేలనేదు.
దిగినాక కిరాయి నానిస్తానంటే నానిస్తానని
ఇద్దరూ చెరో అర్ధరూపాయి నా చేతిలో కుక్కినారు.
ఒకే సవారీకి రెండు కిరాయిలు
నా బతుకులో ఆ రాత్రే.

మర్నాడు టవునుహాల్లో
ఒకర్నొకరు ఉతికి ఆరేసుకున్నారు.
నాను కిటికీ ఊచలు పట్టుకుని విన్నాను.
బల్ల గుద్దినప్పుడు చూసేను,
నాయుడుగారి మోచేతికి
చింతాడ బురద ఇంకా ఉంది.

ఆ గొయ్యి పూడ్చమని
ప్లీడరుగారు అర్జీ పెట్టినారంట.
నాయుడుగారు వేరే పెట్టినారంట.
ఒకరి సంగతి ఒకరికి తెల్దు.
రెండు లారీల గులక దిగింది.
గొయ్యి ఒక లారీకే నిండిపోనాది.
రెండోది ఏటి చెయ్యాలో తెలీక
మేస్త్రి మా పేట సందులో కుమ్మరించీసినాడు.
మా కాళ్లకి తగిలిన మొదటి రోడ్డు అదే.
అది ఏ అర్జీ రాయి అని
ఓట్లొచ్చినప్పుడల్లా ఇప్పటికీ తగువే.

ఆసుపత్రి లేచింది. కాలవ సగమే తవ్వినారు.
వాళ్ల మాటలూ అలగే, సగం సగం.

నెమిలి మాత్రం
చింతాడ దాటీసరికి,
గొయ్యి లేదు, ఏటీ లేదు,
నున్నటి రోడ్డు మీద,
ఆగిపోతాది.
చెవులు వెనక్కి తిప్పుకుని నిలబడతాది.
అదిలించినా కదల్దు.
వెనకనుంచి ఎవరో ఇద్దరు
తోస్తారని.